మేక్‌ఫైల్‌లో రాయని హెడర్

సుమన పనిమంతురాలే, కాకపోతే తొందర జాస్తి. ఉధ్నాలో మరమగ్గాలకు, అంటే మనవాళ్ల సాంచలకు, కంట్రోల్ కార్డులు చేసే చిన్న కంపెనీలో ఉద్యోగం. పోగు తెగగానే సాంచను ఆపే ప్రోగ్రాం, సి భాషలో ఒక లైబ్రరీ, ఆమె రాసిందే. ఏడు ఫైళ్లు. ఒక్క అక్షరం మారినా ఏడింటినీ మళ్లీ కంపైల్ చేయాల్సి, అంటే కార్డుకు తెలిసే భాషలోకి మార్చాల్సి వస్తోందని విసుగెత్తి మేక్‌ఫైల్ పెట్టుకుంది. అందులో పేరు రాసిన ఫైళ్లలో మారినదాన్నే కంపైల్ చేసి, మిగతావి పాతవే వాడుకునే ఏర్పాటది.

బల్ల మీద పరీక్షించేటప్పుడు మాటిమాటికీ బటన్ నొక్కలేక, ఆగిన మోటారు పది సెకన్లకు దానంతటదే తిరిగేలా, ఆ ఏడు ఫైళ్లూ చూసుకునే హెడర్ ఫైలులో ఒక అంకె ఉంచింది. శనివారం ఆ అంకెను సున్నా చేసి, బటన్ నొక్కితేనే నడిచేలా మార్చింది. మేక్ కమాండ్ కొడితే చిటికెలో అయిపోయింది. నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు, ఈమెకు నిలకడ ఎక్కడిది? మోటారు ఆగడం చూసి, అంతటితో సరేననుకుంది. ఆ ప్రోగ్రాంతోనే ఒక కార్డు సోమవారం పొద్దున ఆమె తండ్రి నరహరి నడిపే సాంచకు బిగించారు.

అదే పొద్దున సుమన చాయ్ తాగుతుంటే బల్ల మీద ఆగిన మోటారు ఎవరూ ముట్టకుండానే గిర్రున తిరిగింది. ఆమె వెంటనే మేక్‌ఫైల్ తెరిచింది. అందులో హెడర్ పేరే రాయలేదు. హెడర్ మారిందని మేక్‌కు తెలియలేదు, పాత పది సెకన్లే కార్డులోకి పోయాయి.

తండ్రి పనిచేసే కార్ఖానాలో సాంచను పూర్తిగా బంద్ చేసి ముడివేసేవాళ్లు ఎవరూ లేరు. పోగు తెగి ఎర్ర లైటు వెలగగానే చెయ్యి లోపలికి పోతుంది. నరహరికి చూపు ఆనక ఒక్కోసారి ముడికి చాలాసేపు పడుతుంది. నాలుగుసార్లు ఫోన్ చేసింది. ఆ మోతలో ఎవరికి వినపడుతుంది? కార్ఖానాకు రెండు గల్లీలు పరుగెత్తింది. దారంతా బాపు వేళ్లే కళ్లముందు. భయంతో ఏడుపు కూడా రాలేదు.

ఎర్ర లైటు వెలుగుతోంది. నరహరి మోచేతిదాకా సాంచలో పెట్టి వంగి ఉన్నాడు. సుమన గోడకున్న మెయిన్ స్విచ్ లాగేసింది. సాంచల వరుసంతా ఆగింది.

"ఏందే, పిచ్చి లేసిందా?" అన్నాడు నరహరి.

"చెయ్యి తియ్యి బాపూ! నా కార్డు ఖరాబున్నది. పది సెకన్లకు దానంతటదే షురువైతది!"

నరహరి చెయ్యి బయటికి తీసి, కాసేపు దాన్నే చూశాడు.

"పొద్దటిసంది రెండుసార్లు నేను చెయ్యి తీయంగనే నడిచింది బిడ్డా. నువ్వు చేసింది గదా, నా చెయ్యి దానికి ఎరుకైతున్నదనుకున్న. గందుకే ఈసారి నిమ్మళంగ ముడేస్తున్న."