అనప మడిలో ఆంజనేయుడు

రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజులు. అప్పటిదాకా మేము బెంగళూరు పేటలో, మా అత్తగారి ఉమ్మడి ఇంట్లో ఉండేవాళ్ళం. అక్కడ నలుగురు తోడికోడళ్ళ మధ్య నా వంతుకు వచ్చిన నేల ఒక పగిలిన కుండ. అందులో తులసి పెట్టాను. పొగకూ నీడకూ అది ఎండిపోతే మా పెద్ద తోడికోడలు "దీని చేతిలో పచ్చనిది ఏదీ బతకదు" అంది. పదిమంది ఆడవాళ్ళు కూర్చున్న పేరంటంలో అంది. ఆ రోజు ఆమె కట్టుకున్న చీర అంచు రంగు కూడా నాకు గుర్తుంది.

బసవనగుడి దాటాక కొత్తగా వేసిన ఎక్స్‌టెన్షన్‌లో మా ఆయన ఇల్లు అద్దెకు తీసుకున్నప్పుడు నేను గదులు చూడలేదు, పెరడు చూశాను. ఇంటికన్నా పెరడే పెద్దది. వెనక రాగిచేలు. చలికాలం తెల్లవారుజామున ఆ చేల మీది మంచు నెమ్మదిగా మా కంచె దాటి లోపలికి వచ్చేది. జామచెట్టు మొదలు మాయమై కొమ్మలు మాత్రం గాలిలో నిలబడి ఉండేవి. నేను చెంబుతో నీళ్ళు పట్టుకుని ఆ తెల్లదనంలోకి నడిచేదాన్ని. నా పాదాలు నాకే కనిపించేవి కావు. ఎక్కడో దగ్గరలో పిగిలిపిట్ట గొంతు సవరించుకునేది. గడ్డిలో ఒక గీత కదిలిపోయేది. ముంగిసో, జెర్రిపోతో, రెండూనో. భయం వేసేది కాదు. అవి నాకంటే ముందు నుంచి అద్దెకున్నవాళ్ళలాగా నన్నొకసారి చూసి తమ దారిన పోయేవి.

అలాగని వాటి మీద నాకు ఫిర్యాదులు లేవని కాదు. ఉడుతలు దానిమ్మకాయను ఒకవైపే కొరికి వదిలేసేవి, మొత్తం తిన్నా బాధపడేదాన్ని కాదు. పందికొక్కులు చేమదుంపల మడిని రెండుసార్లు తిరగేశాయి. తేనెపిట్ట ఒకటి మా కిటికీ అద్దంలోని తన బొమ్మతో రోజూ పోట్లాడి నా మధ్యాహ్నపు నిద్ర పాడుచేసింది. అన్నీ లెక్కలో ఉన్నాయి. అయినా సాయంత్రం గట్టు మీద కూర్చుంటే అవన్నీ ఒక్కొక్కటే వచ్చి నా చుట్టూ తిరుగుతుంటే, నేను ఎవరి కోడలినో ఏ ఇంటిదాన్నో కాసేపు గుర్తుండేది కాదు.

ఆ పెరట్లో నేను ప్రాణం పెట్టి పెంచింది అనపచిక్కుడు మడి. మంచు పడితే అనపకాయకు ఒక జిడ్డు పట్టుకుంటుంది, చేతికి అంటితే రోజంతా వాసన పోదు. ఆ ఏడు నాలుగు సాళ్ళు వేశాను. కాయలు బుట్ట నిండా కోసి, పేటకు తీసుకుపోయి, మా తోడికోడలి ముందు కుమ్మరించాలని నా కోరిక. మాట ఒక్కటి కూడా అనకుండా.

కష్టం పక్కింటి నుంచి వచ్చింది. పక్కింటి అవ్వ, డెబ్బై ఏళ్ళ మనిషి, శనివారం శనివారం గోడ మీద అరటిపళ్ళు, నానబెట్టిన శనగలు పెట్టి కోతులను పిలిచేది. అవి అక్కడ తిని, చేతులు తుడుచుకోవడానికన్నట్టు మా వైపు దిగేవి. అనప పూతంతా దూసేవి.

"మీ కోతులు నా పూతంతా దూసుకుపోయినాయి అవ్వా" అన్నాను.

"నా కోతులేందమ్మణ్ణీ? స్వామి సొత్తు. నేను కని పెంచినానా?"

"పిలిచి పెట్టేది మీరే గదా!"

"నేను పెట్టేది నా గోడ మీద. నీ చెట్లకు ఒక బోర్డు రాసి కట్టు, చదువుకొని పక్కకు పోతాయి."

అవతల ఎవరో నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. "పందికొక్కులకు తెచ్చిన మందు ఇంకా మిగిలుండాది. వీటికీ పెడతా చూడండి" అన్నాను. అన్న మాట నిజమే, నేనే అన్నాను. కానీ పెట్టలేదు. ఆ పొట్లం వంటింటి అటక మీద ముడి విప్పకుండా ఉంది.

తర్వాతి వారం ఒక సాయంత్రం దీపాలు పెట్టేవేళ వీధి మొత్తం కరెంటు పోయింది. మర్నాడు మంచులో నీళ్ళు తీసుకుని వెళితే అనప సాళ్ళ మధ్య ఒక పెద్ద మగకోతి పక్కకు తిరిగి పడుకుని ఉంది. దాని వెంట్రుకల మీద మంచుబొట్లు. నిద్రపోతోందనుకుని చాలాసేపు అదిలించకుండా నిలబడ్డాను. అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. అరచేయి అచ్చంగా ముసలివాళ్ళ అరచేయి. అందులో నలిగిన అనపపువ్వు ఒకటి ఉంది.

ఎండ వచ్చేసరికి వీధి అంతా మా పెరట్లో ఉంది. అవ్వ గోడ పట్టుకుని ఏడ్చింది. తర్వాత నావైపు తిరిగింది.

"చెప్పి మరీ చంపినావు గదే! పెళ్ళై నాలుగేండ్లాయె. స్వామిని చంపిన ఈ ఇంట్లో ఉయ్యాల కడతావా నువ్వు? చూస్తా."

ఆ మాట ఎక్కడ తగులుతుందో ఆమెకు తెలుసు. తెలిసే అంది. నేను మందు పెట్టలేదని ముడి విప్పని పొట్లం తెచ్చి చూపించాను. ఎవరూ చూడలేదు. కోతి పోతే మనిషికి చేసినట్టే చేసి పూడ్చాలి కదా, ఎక్కడ పూడ్చాలా అని మాట్లాడుకుంటున్నారు. రాగిచేల అవతలికి తీసుకుపోదామన్నారు.

"ఇక్కడే పెట్టండి. పడినచోటే" అన్నాను.

మా ఆయన నన్ను పక్కకు లాగాడు. "నీకేమన్నా పిచ్చా? పోనిచ్చెయ్యి."

"చంపినదాన్నైతే నా ఇంట్లో పెట్టుకుంటానా? బయటికి పోనిస్తే నేను ఒప్పుకున్నట్టే. ఇక్కడే పెట్టాల."

పంతం నాది. పసుపునీళ్ళతో స్నానం చేయించారు, కొత్తబట్ట చుట్టారు, డోలు వచ్చింది, భజన వచ్చింది. గొయ్యి తవ్వడానికి రెండు సాళ్ళు పీకేశారు. మిగతా రెండు జనం కాళ్ళ కింద పోయాయి. సాయంత్రానికి సింధూరం పూసిన రాయి ఒకటి నిలబడింది. ఇక అక్కడ పార వేయకూడదు, చెప్పులతో నడవకూడదు. ఆ ఏడు పేటకు బుట్ట పోలేదు.

మూడోనాడు లైన్‌మన్ వచ్చి మా గోడవారన ఉన్న స్తంభం ఎక్కాడు. పైనుంచి అరిచాడు. "ఏమప్పా, ఇక్కడ వెంట్రుకలు అంటుకొని ఉండాయి! కోతి ఏదన్నా పడిందా? తీగ పట్టుకున్నట్టుండాది, పాపం."

వీధిలో అందరూ విన్నారు. అవ్వ కూడా గోడ దగ్గరే ఉంది. కొంగు సర్దుకుని లోపలికి వెళ్ళిపోయింది. మర్నాడు తెల్లవారేసరికి, ఏమీ జరగనట్టు, మందారాల పళ్ళెంతో మా గేటు ముందు నిలబడింది.

నేను గేటు తీయలేదు. "ముందు ఆ మాట వెనక్కి తీసుకోండి అవ్వా. తర్వాత పూజ."

"స్వామికీ నాకూ మధ్య నువ్వెవరే?"

"నేల నాది."

ఆమె వెళ్ళిపోయి పూలు గోడ మీద పెట్టింది. కాసేపటికి కోతులు వచ్చి మందారాలు ఒక్కొక్కటే రేకులు తుంచుకుని తిన్నాయి. నెలరోజులు అలాగే జరిగింది. ఆమె పూలు పెట్టేది, అవి తినేవి, నేను గట్టు మీద కూర్చుని చూసేదాన్ని. "ముసలామె, తీయవే గేటు" అని మా ఆయన రోజూ అన్నాడు. నేను తీయలేదు. అయితే ఆ రోజుల్లోనే ఒక చిన్నకోతి రాయి పక్కన కూర్చోవడం అలవాటు చేసుకుంది. మంచులో దాని చెవులు ఎర్రగా వెలిగేవి. దాన్ని కూడా నేను అదిలించలేదు.

ఒక ఉదయం మంచు మరీ దట్టంగా ఉంది. గోడ కనిపించలేదు. అవతల నుంచి అవ్వ గొంతు వినిపించింది. నాతో మాట్లాడలేదు, రాయితో మాట్లాడింది.

"స్వామీ, నిన్ను తీసుకుపోయింది కరెంటు. ఈ పిల్ల కాదు. ముసలిదాన్ని, నోరు జారినాను. ఆ ఉయ్యాల మాట నువ్వు పట్టించుకోవద్దు, తుడిచెయ్యి."

 ఎక్కడో నీటిబొట్టు ఆకు మీద పడింది. నేను వెళ్ళి గేటు గడియ తీశాను. ఆమె నన్ను చూడకుండా లోపలికి వచ్చింది, చెప్పులు బయట వదిలి. తడిగడ్డిలో తూలితే మోచేయి పట్టుకున్నాను.

నోరు జారానన్న మాట ఆమె నాతో అనలేదు, ఎప్పుడూ అనలేదు. అది నేను మరిచిపోలేదు. కానీ మరుసటి రోజు నుంచి రాత్రి పడుకునేముందు గేటు గడియ వేయడం మానేశాను.