కోయని చెవి

తీరిపోయిందని తన నోటితోనే చెప్పిన అప్పును, బ్యాంకు తీరలేదని రాసి పెట్టుకుంది. ఆ మాట నాకు చెప్పలేదు. మా కోడలు రెండు పాడి ఆవులకు లోను అడగబోయిన రోజే నాకు తెలిసింది.

కొట్టం వేసిన నేల నా పేరు మీద ఉంది కాబట్టి నా సంతకమూ కావాలన్నారు. ఇద్దరం తమిళనాడు ధర్మపురిలో బస్సు దిగి బ్యాంకుకు పోయాం. మేనేజరు చిన్న వయసు ఆమె, మర్యాద తెలిసిన మనిషి. కుర్చీ చూపించి, కంప్యూటర్లో నా పేరు కొట్టి చూసి, గొంతు తగ్గించింది. అక్కడ మాటలన్నీ తమిళమే. నేను తెలుగులో చెబుతున్నాను.

"అయ్యా, మీ పాత ఆవు లోను సెటిల్డ్ అని ఉంది. మీ సంతకంతో ఇది ముందుకు పోదు."

"సెటిల్ అయిందంటే తీరినట్టే కదమ్మా?"

"లేదయ్యా. మీరు పూర్తిగా కట్టలేదని, కొంత మేము వదులుకున్నామని అర్థం. అది చూస్తే ఏ బ్యాంకైనా వెనకాడుతుంది."

"వదులుకుంటాం రండి అని మైకు పెట్టి పిలిచింది ఎవరు? నేనా?"

వరసలో ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. కోడలు నా చొక్కా అంచు పట్టి లాగి, మన తెలుగులో అనింది: "మామా, కూర్చో. నువ్వు అరిస్తే ఆవు రాదు."

ఆ పాత ఆవును కంబైనల్లూరు దగ్గర ఒక రైతు అమ్మితే కొన్నాం. బ్యాంకువాళ్ళు ఇన్సూరెన్సు చేయించి దాని చెవికి పసుపుపచ్చ ట్యాగు కొట్టించారు. మా ఇంటామె ఆ ట్యాగును కమ్మ అనేది. "నాకు నువ్వు చేయించింది ఒక జత. దీనికి బ్యాంకే చేయించింది చూడు" అని నన్ను దెప్పేది. ఒక వానాకాలం పొద్దున ఆ ఆవు కడుపుబ్బి చచ్చిపోయింది. ఇంట్లో ఒకరు పోయినట్టే పసుపు, కుంకుమ పెట్టి, కొట్టం వెనక గుంత తీసి పూడ్చినాం.

మరునాడు పోయి చెబితే అప్పటి ఆఫీసరు చెయ్యి చాపాడు.

"చెవి ఏది?"

"ఏం చెవి సార్?"

"ట్యాగుతో చెవి కోసుకొని రావాలి. లేకుంటే ఇన్సూరెన్సు రాదు. ఆ మాత్రం తెలీదా?"

తెలీదు. తమిళ అక్షరాలు బస్సు బోర్డుల మీద, తెలుగు అక్షరాలు మా తాత వదిలిపోయిన పంచాంగాల మీద నేర్చుకున్నవాణ్ణి. పాలిచ్చిన ఆవు చెవి కోయాలని ఎక్కడా చదవలేదు. గుంత తవ్వి తెమ్మన్నాడు. ఇంటికొచ్చి చెబితే మా ఇంటామె గుంత మీద కూర్చుండిపోయింది. "ఆ పార ముందు నా మీద పడాల" అనింది. నేను పార గోడకానించేశాను. ఇప్పటికీ అది సరైన పనే అంటాను.

ఇన్సూరెన్సు రాలేదు. లేని ఆవుకు కంతులు కడుతూ పోయి ఒకచోట ఆగిపోయాను. కొన్నాళ్ళకు మైకు పెట్టిన బ్యాంకు జీపు వచ్చింది: ఇంత కట్టండి, మిగతాది మాఫీ, అప్పు తీరినట్టే. మేకలమ్మి కట్టాను. తల మీద బరువు దిగిందనుకొని ఇన్నేళ్ళు బతికాను.

"ఇప్పుడేమి దారి తల్లీ?" అని మేనేజరును అడిగింది మా కోడలే.

"మేము వదులుకున్న మిగతాది కూడా కట్టేయండి. రికార్డు మార్చమని పైకి రాస్తాను. ఆ డబ్బుకు చిన్న నగ లోను తీసుకోండి, గడువుకు కట్టండి. అదీ కొత్త రికార్డులో పడుతుంది. పేరు మెల్లగా నిలబడుతుంది."

పేరు నిలబడాలట! పడగొట్టినవాళ్ళెవరు? బస్సులో ఆ కోపమంతా కోడలి మీద పోశాను. ఆమె అదియమాన్‌కోట్టై దాటాక, "మామా, నా పేరు మీద తప్పు లేదు, నీ మనసులో తప్పు లేదు. అయినా కొట్టం ఖాళీగా ఉంది" అనింది. మా వాడు హోసూరులో కూలికి ఇటుకలు మోస్తాడు. ఆవులుంటే మొగుడు ఊళ్ళోనే ఉండొచ్చని ఆమె ఆశ. దానికి అడ్డం నిలబడింది నా పేరు.

ఇంట్లో చెబితే మా ఇంటామె చెవుల కమ్మలు విప్పి నా చేతిలో పెట్టింది.

"ఆవు కమ్మ ఇయ్యలేదని నా కమ్మలు అడిగినారు, అంతే కదా. తీసుకొని పో."

"గుంత తవ్వనీయలేదని నీ మీద కోపం లేదే."

"ఉంటే మాత్రం ఏం చేస్తావులే!"

కమ్మలు కుదువ పెట్టి మిగతా బాకీ కట్టాను. మా వాడి కూలి, మేక పిల్లలు అమ్మిన డబ్బు కలిపి, గడువుకు ముందే కమ్మలు విడిపించాను. అయినా రికార్డు మారలేదు. పోయినప్పుడల్లా మేనేజరమ్మ "పైనుంచి రావాలయ్యా" అనేది. ఆమె ముఖం చూస్తే నాకంటే ఆమెకే ఎక్కువ కష్టంగా ఉన్నట్టు కనిపించేది. ఇక బ్యాంకుకు తమిళంలో ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. జరిగినదంతా రాశాను, మైకు సంగతితో సహా.

ముగించబోతుంటే మా ఇంటామె వచ్చి నిలబడింది. "ఇంకొకటి రాయి. కోడలి ఆవులకు కూడా ట్యాగు కొడతారు కదా. రేపు ఏమన్నా అయితే మళ్ళా చెవి అడుగుతారా? అడిగేటట్టైతే ఆ లోను మాకు వద్దే వద్దు."

కోడలు వాకిట్లో ఊడుస్తున్నది ఆపింది. వద్దంటుందేమోనని చూశాను. "రాయి మామా" అనింది.

రాశాను. చాలా రోజులకు జవాబు వచ్చింది. క్షమించమన్న మాట వెతికాను, లేదు. సంతకం మేనేజరమ్మది. వాకిట్లో నిలబడి ఇద్దరికీ తెలుగులో చదివి వినిపించాను:

"అయ్యా, మీ పాత ఖాతా పూర్తిగా చెల్లించినట్టు రికార్డులో మార్చడమైనది. మీ కోడలి దరఖాస్తుతో వచ్చి సంతకం పెట్టవచ్చు. మీరు అడిగిన రెండవ విషయం ఇన్సూరెన్సు వారిని విచారించాను. ఆవు చనిపోతే పూడ్చకముందే మాకు ఫోన్ చేయండి. పశువుల డాక్టరు వచ్చి చూసి ట్యాగు మాత్రం తీసుకుంటారు. చెవి కోయనక్కరలేదు."