బావ నొక్కించిన ప్రకటనలు

మా ఆవిడ అన్నకూ నాకూ మొదటినుంచీ పడదు. నాకు బావ వరస. బళేపేటలో గాజుల అంగడి. తాతల కాలం నుంచీ వాళ్ళది బెంగళూరే. నేను ఉద్యోగం మానేసి హూడిలో అద్దె ఇంట్లో కూర్చుని మొబైల్ గేమ్‌లు తయారుచేస్తున్నానని తెలిసిన దగ్గర్నుంచి, ఎక్కడ కనిపించినా పదిమందిలో ఒకటే మాట.

"ఏమప్పా, ఇంకా ఫోన్లో బొమ్మలాట ఆడుకుంటా ఉండావా?"

అందరూ నవ్వేవాళ్ళు. నేనూ పళ్ళికిలించేవాణ్ణి. లోపల ఒళ్ళు మండిపోయేది.

మా ఆవిడ నాకు ఏడాది గడువిచ్చింది. ఆలోపు గేమ్ మీద కనీసం ఇంటి అద్దె రావాలి. రాకపోతే నోరు మూసుకుని మళ్ళీ ఉద్యోగం వెతుక్కోవాలి. సరే అన్నాను. గేమ్ చిన్నదే, పైనుంచి పడే గాజుల్ని రంగు చూసి జత కలపాలి. ఆడటానికి డబ్బు కట్టక్కర్లేదు. మధ్యమధ్యలో ప్రకటనలు వస్తాయి, నా బతుకంతా వాటిమీదే.

గడువు ఇంకో మూడు నెలలుందనగా మా పాప పుట్టినరోజు భోజనాల దగ్గర బావ మళ్ళీ మొదలుపెట్టాడు.

"ఊరికే ఇచ్చే ఆటకు దుడ్డు యాడనుంచి వస్తాదప్పా?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. "ప్రకటన మీద ఎవరైనా నొక్కితే చాలు, నాకు డబ్బులు పడతాయి" అని అందరికీ వినపడేలా చెప్పాను. మనవాళ్ళు పనిగట్టుకుని నొక్కితే మోసం కింద లెక్కేస్తారన్న సంగతి చెప్పలేదు. గొప్పలు కొట్టేటప్పుడు అలాంటివి ఎవడు చెప్తాడు?

ఆ తర్వాతి వారమే కొత్త అప్‌డేట్ వదిలాను. గాజులకు మెరుపు పెట్టాను. జత కలిసినప్పుడు వచ్చే చప్పుడు మార్చాను, ఆ ఒక్క చప్పుడు కోసమే నాలుగు రోజులు కూర్చున్నాను. రెండు రోజుల్లో ప్రకటనల రాబడి గ్రాఫ్ పైకి లేచింది. నా జన్మలో అలాంటి గీత చూడలేదు. పొద్దున్నే కాఫీ కూడా తాగకుండా దాన్నే చూసుకునేవాణ్ణి. జనానికి నచ్చింది, చప్పుడు పట్టేసింది అనుకున్నాను. మా ఆవిడకు చూపిస్తే "అయితే గట్టెక్కినట్టేనా?" అంది. ఆ నెలంతా ఇంట్లో ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు.

తర్వాత ప్రకటనల కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. దొంగ క్లిక్కుల కారణంగా ఖాతాను శాశ్వతంగా మూసేశారట. లెక్కలన్నీ తెరిచి వరసగా చూశాను. పెరిగిన నొక్కుళ్ళన్నీ ఆరు ఫోన్లనుంచే. పొద్దున అంగళ్ళు తెరిచే వేళకు మొదలు, మూసే వేళకు ఆఖరు. ఆదివారం ఒక్కటీ లేదు. ఆదివారం ఎవరి అంగడికి సెలవో నాకు తెలుసు.

మెట్రో ఎక్కి నేరుగా బళేపేట వెళ్ళాను. గల్లాపెట్టె దగ్గర బావ. గుమాస్తా, గాజులు సర్దే ఆడవాళ్ళు, అందరి ఫోన్లలోనూ నా గేమే. ఆడటం లేదు. ప్రకటన రాగానే నొక్కడం, మూసెయ్యడం, మళ్ళీ నొక్కడం.

"రాప్పా రా! బోణీకి ముందునుంచే నొక్కిస్తాండా. సుమ్నే, ఊరికే కూచునే టైములో నీకన్నా నాలుగు కాసులు రానీలే అని!"

"నిన్నెవడు నొక్కమన్నాడు?" అన్నాను. ఆయన్ని 'నువ్వు' అనడం అదే మొదలు. బేరమాడుతున్నవాళ్ళు తిరిగి చూశారు. "నా కొంప ముంచావు కదా! ఖాతా మూసేశారు. ఇంక ఎప్పటికీ తెరవరు!"

ఆయన మొహం కందగడ్డయింది. "మంచి చేస్తే ఇట్ల మాట్లాడతావా? నొక్కితే చాలని నువ్వే కదప్పా అంటివి!"

అన్నమాట నిజమే. అందుకే ఇంకా గట్టిగా అరిచాను. నోటికొచ్చిందల్లా అనేశాను. ఆయన లేచి వాకిలి చూపించాడు.

"పోప్పా పో. మళ్ళా నా అంగడి మెట్లెక్కద్దు."

ఎక్కలేదు. కంపెనీకి అప్పీలు పెడితే కుదరదన్నారు. గడువు తీరకముందే ఉద్యోగంలో చేరాను. మా ఆవిడ నా పక్షాన నిలబడి అన్నతో మాటలు మానేసింది. "మా అన్నే ముంచకపోతే ఈయన ఈపాటికి ఎక్కడో ఉండేవాడు" అని ఇప్పటికీ అందరితో చెప్తుంది. నేను కాదనను. మెయిల్ వచ్చినరోజే ఆ ఆరు ఫోన్లనూ లెక్కలోంచి తీసేసి గ్రాఫ్ చూసుకున్నాను. అప్‌డేట్‌కు ముందున్నంత కూడా లేదు. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు.