చీర పెట్టి మూసిన గేటు

“నాకొద్దీ సీర. నాను పేరంటానికొచ్చానేటి? పనికొచ్చాను.”

“వద్దంటే ఎలాగమ్మా? ఆరో నెల వచ్చింది. ఇంటికెళ్లి సుఖంగా కూర్చో. కాన్పయ్యాక చూద్దాం.”

“ఎవలు సూత్తారు బాబూ? తవరా, నానా?”

“నోరు లేస్తోందే! నూకమ్మా, నీ హాల్లో పిల్లలకి నువ్వు నేర్పింది ఇదేనా?”

షావుకారు నా మీదికి తిరిగేసరికి పళ్లెం నా చేతుల్లోనే ఉంది. అందులో చీర, జాకెట్టు గుడ్డ, పసుపు కుంకుమలు, అరటిపళ్లు, కొబ్బరికాయ. నాకెదురుగా దమయంతి నిలబడి ఉంది. హాల్లో ఆడవాళ్లందరూ పని ఆపేసి చూస్తున్నారు. “సేతులు కదపండి” అని అరిచాను. ఒక్క చెయ్యీ కదల్లేదు.

కరోనా తగ్గి ఫ్యాక్టరీలు మళ్లీ పూర్తిగా తిరగడం మొదలైన మరుసటి ఏడు, ఎండాకాలం, పలాసలోని ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో జరిగిన సంగతి ఇది. నేను నాలుగో తరగతితో చదువు మానేశాను. పెళ్లయిన కొత్తలో జీడి పనిలోకి వచ్చాను, మనవలు పుట్టాక కూడా అదే పనిలో ఉన్నాను. అప్పటికి పీలింగ్ హాలుకు మేస్త్రీని. జీడిపప్పును బోర్మా అనే వేడిగాలి గదిలో ఆరబెట్టి తెస్తారు. దాని మీది ఎర్ర పొరను విరగకుండా ఒలవడమే పీలింగ్. ఆ తర్వాత విరగని గుండు, రెండుగా చీలిన బద్ద, ముక్క వేరు చేసేది గ్రేడింగ్. గుండు విరిగితే ధర పడిపోతుంది కాబట్టి నా హాల్లో కబుర్లు సాగనివ్వను. కింద పడిన పప్పు ఒక్కటైనా సరే, ఏరించి తట్టలో వేయిస్తాను.

ఆ ఫ్యాక్టరీలో ఒక మర్యాద ఉండేది. ఎవరికైనా కడుపు కనబడే వేళకు షావుకారు ఇంటి నుంచి చీర వచ్చేది. బొట్టు పెట్టి, పళ్లెంతో చీర చేతికిచ్చేవాళ్లం. గుమస్తా సెల్‌తో ఫొటో తీసేవాడు. మర్నాటి నుంచి ఆ పిల్ల పనికి రాదు. పొమ్మని ఎవరూ అనరు, మానేస్తానని ఆమె కూడా చెప్పదు, కానీ చీర అందుకుంటే పని అయిపోయినట్టే లెక్క. కాన్పయ్యాక వచ్చి చూస్తే ఆమె చోట ఇంకొకరు కూర్చుని ఉండేవారు. పుట్టింటివాళ్లు పెట్టినట్టు పెట్టారని మురిసిపోయేవాళ్లమే తప్ప, ఇందులో తప్పుందని మాలో ఎవరికీ తోచలేదు.

దమయంతిది కంచిలి వైపు ఊరు. భర్తకు కిడ్నీలు పోయాయి. మా ఉద్దానంలో అది కొత్త కాదు. డయాలసిస్‌కు అతన్ని పలాస తీసుకొచ్చేదీ, ఇల్లు నడిపేదీ ఈ పిల్లే. పని పోతే ఇద్దరికీ దారి లేదు.

ఆ సంగతి తెలిసి కూడా ఆ రోజు నేను అన్నది ఇదీ: “ఓలమ్మీ, తీసుకోయే. మంచి సీర. బజార్లో కొంటే ఎంతవుద్దో ఎరుకేనా?” ఊరికే వచ్చిన వస్తువును వదులుకోవడం నాకు చేతకాదు.

“బాగుంటే నువ్వే కట్టుకో అత్తా. ఆరో నెలని సెప్పి నువ్వూ ఇంటికెల్లిపో” అంది దమయంతి.

హాలంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. షావుకారు ముఖం మాడిపోయింది. దమయంతి రెండు చేతులతో పళ్లేన్ని తోసేసింది. అంచు నా ఎదురురొమ్ముకు తగిలింది, కొబ్బరికాయ దొర్లుకుంటూ వెళ్లి తట్టల సందున పడింది. సరిగ్గా ఆ తోసే క్షణంలోనే గుమస్తా అలవాటు కొద్దీ ఫొటో నొక్కాడు.

మర్నాడు గేటు ఆమెకు మూసేశారు. వాచ్‌మన్ మొహం పక్కకు తిప్పుకుని నిలబడ్డాడు. ఆమె కాసేపు ఎండలో నిలబడి వెళ్లిపోయింది. టెక్కలి బస్సెక్కి లేబర్ ఆఫీసుకు వెళ్లి మొర పెట్టుకుందని మధ్యాహ్నానికి తెలిసింది. హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. కసురుకుంటూ తిరిగాను గానీ నాకూ నిలకడ లేదు. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎందుకు లేచానో తెలిసేది కాదు. ఒలిచిన పప్పు తట్ట ముందు పెట్టుకుని గుండులోకి బద్ద కలిపేశాను. అలాంటి పని నేను ఎన్నడూ చెయ్యలేదు.

లేబర్ ఆఫీసరు వస్తారన్న రోజు షావుకారు నన్ను ఆఫీసు గదిలోకి పిలిచి కుర్చీ చూపించాడు. టీ తెప్పించాడు. అన్నేళ్లలో ఆ గదిలో నాకు టీ ఇవ్వడం అదే మొదలు.

“నూకమ్మా, నువ్వు మన మనిషివి. ఆ పిల్ల తనంతట తనే మానేసిందని ఒక్క ముక్క చెప్పు, చాలు.”

టీ తాగేశాను. పారబోస్తే దండగ. గ్లాసు పక్కన పెట్టి లేచాను.

ఆఫీసరు ఆడమనిషి, చిన్న వయసు. దమయంతిని వెంటబెట్టుకుని వచ్చింది. షావుకారు సెల్‌లో పాత ఫొటోలు ఒక్కొక్కటే జరుపుతూ చూపించాడు. అన్నింట్లోనూ నవ్వు ముఖాలే, అన్నింట్లోనూ పళ్లెం పట్టుకుని నేనే. చివరికి దమయంతి ఫొటో దగ్గర ఆపాడు. ఆమె రెండు చేతులూ పళ్లెం మీదే ఉన్నాయి.

“చూడండి మేడమ్, చక్కగా అందుకుంది. ఇప్పుడు ఎవరో ఎక్కిస్తే గొడవ చేస్తోంది.”

“అబద్దం! తోసీసినాను!” అంది దమయంతి.

ఆఫీసరు ఫొటోను నా ముందు పెట్టింది. “అమ్మా, పళ్లెం మీ చేతుల్లోనే ఉంది కదా. ఈ అమ్మాయి తీసుకుంటోందా, తోసేస్తోందా?”

షావుకారు నన్నే చూస్తున్నాడు. నా వయసులో ఆ గేటు దాటితే ఇంకో గేటు తెరుచుకోదని నాకు తెలుసు.

“తోసీసింది మేడమ్. పళ్లెం అంచు నాకిక్కడ తగిలింది” అని రొమ్ము మీద చెయ్యి పెట్టి చూపించాను. “కొబ్బరికాయ కింద పడింది. నానే ఏరినాను.”

“ఏటి నూకమ్మా ఇది!” అన్నాడు షావుకారు. తర్వాత ఆఫీసరుతో, “హాలు బోర్మా పక్కనే, వేడి మేడమ్. కడుపుతో ఉన్న పిల్లకి ఏదైనా అయితే నా మీదికొస్తుంది. మంచికే పంపాను” అన్నాడు.

“వేడి దగ్గర వద్దనుకుంటే గ్రేడింగ్‌లో కూర్చోబెట్టండి. ఏడాదిలో ఎనభై రోజులు పనిచేసిన మనిషికి ప్రసూతి సెలవు జీతంతో ఇవ్వాలి. దాన్ని ఎగ్గొట్టడానికి ఇలా ఇంటికి పంపితే చట్టం ఊరుకోదు. మూడు నెలలకు తగ్గకుండా, ఏడాది దాకా జైలు. జరిమానా వేరే.”

“జైలా? చీర పెట్టినందుకా?”

“చీర పెట్టినందుకు కాదండీ. గేటు మూసినందుకు.”

రేపు పొద్దున్న దమయంతి పనిలో ఉండాలనీ, లేకపోతే కేసు కోర్టుకు పంపుతాననీ చెప్పి ఆఫీసరు వెళ్లిపోయింది.

చట్టమంటే కొట్లాటలకూ దొంగతనాలకూ అనుకునేదాన్ని. నవ్వుతూ బొట్టు పెట్టి మనిషిని బయటికి పంపినా శిక్ష ఉంటుందని ఆ రోజే తెలిసింది. ఆ తర్వాత చట్టాలు మార్చి కొత్తవి తెచ్చారని విన్నాను. కొత్తదాంట్లో శిక్ష ఎంతో నాకు తెలియదు. పనిచేసే ఆడవాళ్లు మాత్రం టెక్కలి వెళ్లి అడిగి తెలుసుకోవాలి. బస్సు ఖర్చుకు వెనకాడకూడదు. ఈ మాట నేను చెబుతున్నానంటే నన్నెరిగినవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి.

మర్నాడు పొద్దున్న గేటు తీసే ఉంది. దమయంతి నాకంటే ముందే వచ్చి గ్రేడింగ్ బల్ల దగ్గర కూర్చుని గుండు ఏరుతోంది. నన్నూ ఎవరూ పొమ్మనలేదు. తట్టలు సర్దుతుంటే వాచ్‌మన్ వచ్చి, నా కోసం ఎవరో వచ్చారన్నాడు. వెళ్లి చూస్తే పార్వతి. అంతకు ముందటేడు నా చేతి పళ్లెం అందుకుని వెళ్లిన పిల్ల. చంకలో బిడ్డ ఉంది.

“అత్తా, నన్నూ అలగే పంపించీసినారు గదా. నన్ను రానిత్తారేటి?”

ఆమె వెనక ఇంకో ఇద్దరు నిలబడి ఉన్నారు, వాళ్ల చంకల్లోనూ పిల్లలే. వాచ్‌మన్ నా ముఖం చూశాడు. గేటు ముయ్యొద్దని అతనితో చెప్పి, “ఎండలో బిడ్డలేటే, నోపలికొచ్చి కూకోండి. సావుకారొచ్చినాక అడుగుదాం” అన్నాను.