బేస్‌మెంట్ వంటింట్లో మాటలు

డెబ్బై తొమ్మిదిలో జెర్సీ సిటీలో దిగిన నేను, మొదటి క్రిస్మస్ దాకా ఇంగ్లీషే అనుకుని నేర్చుకున్న భాష ఇంగ్లీషు కాదు. ఈ మాట చెబితే ఇప్పటికీ ఎవరూ నమ్మరు. నమ్మకపోతే నాకు పోయేదేం లేదు. శ్రీకాకుళం దగ్గర పల్లెటూళ్లో పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినదాన్ని. ఇంగ్లీషు నాకు పుస్తకంలో తెలుసు. మా మాస్టారు దాన్ని కంఠతా పట్టించారే గానీ, ఇద్దరు మనుషులు దానిలో మాట్లాడుకోగా నేను వినలేదు. మరి అమెరికాలో ఒక తెల్లావిడ నోరు తెరిచి గడగడా మాట్లాడితే అది ఇంగ్లీషు కాక ఇంకేమవుతుంది?

ఆవిడ మా ఇంటి ఓనరు. భర్త పోయాడు. కింది వాటాలో తనొక్కతే ఉంటూ పై వాటా మాకు అద్దెకిచ్చింది. డెబ్బై దాటిన మనిషి, నల్ల గౌను, దాని మీద ఎప్పుడూ ఒక ఏప్రన్. నేను మామ్మా అని పిలిచేదాన్ని, ఆవిడ పలికేది. మా ఆయన పొద్దున్నే ట్రైన్ పట్టుకుని మాన్‌హాటన్‌లో ఆఫీసుకు వెళితే చీకటి పడ్డాకే రావడం. పగలంతా ఆ ఇంట్లో మేమిద్దరమే.

మాది కాక ఆవిడకే రెండు వంటిళ్లు. కింది వాటాలో ఉన్నది అద్దంలా మెరుస్తుండేది. అందులో పొయ్యి వెలిగించగా నేను చూడలేదు. దాని పక్క గదిలో సోఫాలకు ప్లాస్టిక్ తొడుగులు, బీరువాలో బంగారు అంచు కప్పులు. అవన్నీ చర్చి ఫాదరుకీ, డాక్టరుకీ, పెళ్లి మాటలకొచ్చేవాళ్లకీ. మన వైపు మడి వంటిల్లు ఉన్నట్టు వాళ్లకు మర్యాద వంటిల్లు. అసలు వంటంతా బేస్‌మెంట్‌లో జరిగేది. బాయిలరు పక్కన ఒక పాత గ్యాసు పొయ్యి, పెద్ద బల్ల, గోడ పొడుగునా టమాటా గుజ్జు పట్టిన సీసాలు. ఆ వీధిలో ఆవిడ దేశం వాళ్ల ఇళ్లన్నీ అంతే.

బట్టలుతికే మిషను కూడా ఆ బేస్‌మెంట్‌లోనే ఉండేది. మొదటిసారి బట్టల మూటతో దిగినప్పుడు ఆవిడ కుర్చీ లాగి "అస్సెత్తతె" అంది. కూర్చోమంటోందని తెలియడానికి చదువెందుకు? కూర్చున్నాను. చిక్కుడుకాయల బుట్ట నా ముందుకు తోసింది. ఒలిచాను. మర్నాడు ఉతకడానికి బట్టల్లేకపోయినా దిగాను.

అలా నేర్చుకున్నాను. తిను, ఆగు, చాలు, ఉప్పు తక్కువైంది, మోకాళ్లు లాగుతున్నాయి, కోడలికి వంట రాదు. మనిషికి రోజు గడవడానికి ఇంతకంటే ఎక్కువ మాటలు అక్కర్లేదని అప్పుడే తెలిసింది. ఆదివారాలు వచ్చే కొడుకు మాట వేరేగా ఉండేది. టీవీలో వాళ్లదీ అంతే. ఆవిడ ఒకటి అడిగితే కొడుకు ఇంకోలా జవాబు చెప్పేవాడు. అదేం నాకు వింతగా అనిపించలేదు. వాళ్లది చదువుకున్నవాళ్ల ఇంగ్లీషు, మామ్మది పల్లెటూరి ఇంగ్లీషు అని సర్దిచెప్పుకున్నాను.

ఆ తేడా నాకు కొత్తది కాదు మరి. పెళ్లయి గుడివాడ అత్తవారింటికి వెళ్లినప్పుడు నేను "ఏటి" అంటే ఆడబడుచులు పొట్ట పట్టుకుని నవ్వేవారు. "ఎల్తన్నాను" అంటే పక్కింటివాళ్లని పిలిచి మరీ అనిపించేవారు. చెడ్డవాళ్లు కాదు, సరదా. ఆ సరదా భరించలేక మాట మార్చేసుకున్నాను. మా ఆయనతోనూ గుడివాడ తెలుగే. న్యూజెర్సీలో అప్పుడున్న నాలుగు తెలుగు కుటుంబాలూ కలిస్తే ఇంకా జాగ్రత్త.

మామ్మ దగ్గర ఆ జాగ్రత్త అవసరం లేదని ఎప్పుడు కనిపెట్టానో గుర్తులేదు. ఆవిడకు నా తెలుగులో ఏది మంచిదో ఏది మోటుదో ఏం తెలుసు? టమాటాలు ఉడికిస్తూ మా అమ్మ మాటలన్నీ నోరారా మాట్లాడేదాన్ని. "ఏటే మామ్మా, ఇయ్యాల మొకం అలాగుంది?" అంటే ఆవిడ తన గోడేదో చెప్పేది. సగం అర్థమయ్యేది, సగం అయ్యేది కాదు. అమెరికా మొత్తం మీద నేను నా నోటితో మాట్లాడిన చోటు అదొక్కటే. ఆవిడకూ అంతేనని తర్వాత తెలిసింది. భర్త పోయాక ఆవిడ ఊరి మాట ఆడేవాళ్లు ఆ వీధిలో ఎవరూ మిగల్లేదు.

క్రిస్మస్ ముందు మా ఆయన ఆఫీసు పార్టీలో బయటపడింది. ఒక దొరసాని నా ప్లేటులో ఇంకా వడ్డించబోతుంటే, చాలని ధైర్యంగా నా ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ మా ఆయన వైపు తిరిగి, మీ ఆవిడకు ఇటాలియన్ ఎలా వచ్చిందని అడిగింది. ఆయన మొహం చూడాలి! కారులో ఇంటికొచ్చేదాకా నవ్వుతూనే ఉన్నారు.

ఆదివారం మా ఆయన చెబితే ఈ సంగతి కొడుకు ద్వారా మామ్మకు తెలిసింది. ఆవిడా కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది. తర్వాత ఏప్రన్‌తో కళ్లు తుడుచుకుని గంభీరంగా అయిపోయింది. కొడుకు నాకు నెమ్మదైన ఇంగ్లీషులో విడమరిచి చెప్పాడు. వాళ్లమ్మది పొలాల్లో మాట్లాడుకునే మాటట. అందుకే పిల్లలకు కూడా నేర్పలేదట. నేర్చుకుంటే ఫాదరు మాట్లాడే మంచి ఇటాలియన్ నేర్చుకోవాలట. చర్చి హాల్లో శనివారాలు క్లాసు ఉంది, కొడుకే కారులో దింపుతాడు. మా ఆయన కూడా "ఖాళీగానే ఉంటున్నావుగా, జాయిన్ అవ్వు" అన్నారు. తప్పెవరిదని అడిగితే నేను నా మీద వేసుకోను. ఆవిడ పంపింది, నేను వెళ్లాను.

క్లాసులో పంతులమ్మ ఉత్తరాది ఇటలీ మనిషి. ఏదీ, వచ్చింది చెప్పమంది. చెప్పాను. చాలా మర్యాదగా నవ్వి, ఇది ఇటాలియన్ కాదంది. గుడివాడలో విన్న నవ్వే అది. మాట మార్చుకోవడం నాకు అలవాటైన విద్య కదా, ఇక్కడా చకచకా మార్చుకున్నాను. టీవీ పుణ్యమా అని ఇంగ్లీషూ వచ్చింది.

వసంతంలో ఒక రోజు బేస్‌మెంట్‌లోకి దిగి, క్లాసులో నేర్పిన మంచి ఇటాలియన్‌లో మామ్మను కుశలం అడిగాను. మెచ్చుకుంటుందనుకున్నాను. మెచ్చుకుంది కూడా. గరిటె పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, ఏప్రన్ విప్పి, నన్ను పైకి రమ్మంది. మెరిసే వంటిల్లు దాటించి ప్లాస్టిక్ సోఫాలో కూర్చోబెట్టింది. బంగారు అంచు కప్పులో కాఫీ ఇచ్చింది. తను ఎదురుగా కుర్చీ అంచున కూర్చుంది. వాన గురించి ఒక మాట, మా ఆయన ఆరోగ్యం గురించి ఒక మాట, అదీ వెతుక్కుని వెతుక్కుని. కోడలి ఊసు లేదు. మోకాళ్ల ఊసు లేదు.

ఆ తర్వాత అన్నీ ఆ గదిలోనే. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదే అయింది మా పని. ఒకసారి పట్టుబట్టి కిందికి దిగి, పాత మాటల్లోనే పలకరించాను. ఆవిడ మొహం ఎర్రబడింది. వెక్కిరిస్తున్నాననుకుంది. ఆ మొహం నాకు తెలుసు, అత్తవారింట్లో అద్దంలో చూసుకున్నాను. కాదు మామ్మా అని చెప్పడానికి నాకు మంచి ఇటాలియన్ ఉంది, ఇంగ్లీషు ఉంది. ఏది వాడినా ఆవిడ ఇంకాస్త దూరం జరిగింది.

నేను నా ఊరి మాట మళ్లీ ఎవరితోనూ ఆడలేదు. వంట చేస్తూ నాలో నేను అనుకోబోయినా అది గుడివాడ తెలుగులోనే వచ్చేది.

ఎనభై నాలుగులో మా ఆయనకు మిషిగన్‌లో కార్ల కంపెనీలో ఉద్యోగం వచ్చింది. సామాను ఎక్కించిన రోజు మామ్మ చర్చి గౌను వేసుకుని, కొడుకు చెయ్యి పట్టుకుని ముందు మెట్ల మీదకొచ్చింది. బడిపిల్లలా నిటారుగా నిలబడి ఇంగ్లీషులో అంది.

"యు ఆర్ ఎ ఫైన్ లేడీ. థాంక్యూ ఫర్ లివింగ్ ఇన్ మై హౌస్."

అమ్మ ఇది వారం నుంచీ నా దగ్గర నేర్చుకుంటోంది, తన మాటతో సాగనంపితే మీకు చిన్నతనమట, అన్నాడు కొడుకు. ఆవిడ నా మొహంలోకి చూస్తోంది, సరిగ్గా చెప్పానా అన్నట్టు. నేను థాంక్యూ అన్నాను. ఆవిడ తలూపింది.

కారు కదిలాక మా ఆయన, మామ్మకి కూడా ఇంగ్లీష్ వచ్చేసిందే, ఇద్దరూ బాగుపడ్డారు అని సంబరపడ్డారు. నాకు ఏడుపు ఆగలేదు. నన్ను సాగనంపడానికి ఆవిడకు తన మాట పనికిరాకుండా పోయింది.