నా దగ్గరే ఉంటుందన్న మాట

మొన్న మనవరాలిని ఒకటో తరగతిలో చేర్చిన సాయంత్రం, మా అమ్మాయి ఫోను పట్టుకుని నా పక్కన కూర్చుని, బడివాళ్ళు తల్లిదండ్రులకు పంపిన నియమాలు ఒక్కొక్కటే చదివి వినిపించింది. గేటు ఎన్ని గంటలకు మూస్తారో, ఏ రోజు ఏ రంగు బూట్లు వేయాలో, టిఫిన్ డబ్బాలో ఏం పెట్టకూడదో, పుట్టినరోజుకు చాక్లెట్లు పంచవచ్చో లేదో అన్నీ వివరంగా రాశారు. చివర ఒక ఫారం, అందులో ఒక గడి. మీ పాప గురించిగానీ, ఇంటి పరిస్థితుల గురించిగానీ క్లాసు టీచరుకు తెలియాల్సినవి ఏమైనా ఉంటే ఇక్కడ రాయండి, గోప్యంగా ఉంచుతాం అని. పాపకు చలికాలంలో ఆయాసం వస్తుంది, అది రాయాలా వద్దా అని మా అమ్మాయి సందేహం. ముప్పై అయిదేళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని కాబట్టి నన్నే అడిగింది. నేను లేచి వంటింట్లోకి వెళ్ళి, దాహం లేకపోయినా మంచినీళ్ళు తాగి వచ్చాను.

నా ఈడువాళ్ళకు ఆ రోజుల జూన్ నెలలు గుర్తుండే ఉంటాయి. రెండు నెలలు తాళం వేసి ఉన్న గదుల్లో సున్నం వాసన, గబ్బిలాల వాసన, కొత్తగా నల్లరంగు పూసిన బోర్డు వాసన కలిసి ఒక విధంగా ఉండేది. డెబ్బయిల చివర నా తొలి ఉద్యోగం శ్రీకాళహస్తిలో ఒక ఎలిమెంటరీ స్కూల్లో. మాది పుత్తూరు పక్కన పల్లె. నాయన నా ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని వచ్చి, స్కూలు పెద్ద టీచరమ్మ ఇంటి ముందుగదిలో నన్ను దింపి, మీ బిడ్డ అనుకోండమ్మా అని ఆవిడకు చేతులు జోడించి వెళ్ళిపోయాడు. ఆవిడ అలాగే చూసుకుంది కూడా. ఈ మాట ముందుగా చెప్పకపోతే అన్యాయం చేసినదాన్నవుతాను. చేరిన కొన్నాళ్ళకే, శివరాత్రి తిరునాళ్ళు అయిపోయిన వారంలో, నాకు టైఫాయిడ్ వచ్చి మంచం పడితే, ఇరవై రోజులు గంజి కాచి తాగించింది, తల దువ్వింది, నాయనకు ఉత్తరం రాస్తే కంగారు పడతాడని నాకు నయమయ్యేదాకా రాయకుండా ఆగింది. నేను ఆవిడను అక్కా అని పిలిచేదాన్ని. సొంత అక్కలు లేనిదాన్ని, ఆ పిలుపు నా నోటికి తియ్యగా ఉండేది.

బడి తెరిచిన మొదటి సోమవారం తల్లిదండ్రులను పిలిచి నియమాలు చెప్పడం అక్క పెట్టిన పద్ధతి. చుట్టుపక్కల బళ్ళలో అప్పటికి అలాంటిది లేదు. తల్లులు లోపల నేల మీద కూర్చునేవాళ్ళు, తండ్రులు వరండాలో నిలబడి కిటికీల్లోంచి వినేవాళ్ళు. మొదటి గంట కొట్టేసరికి పిల్ల బడిలో ఉండాలి. తలకు నూనె పెట్టి జడ వేసి పంపాలి, పేలుంటే ఇంట్లోనే చూసుకోవాలి. పలక, రెండు బలపాలు, మధ్యాహ్నం ఉప్మాకు ఎవరి గిన్నె వాళ్ళది. పాఠం జరుగుతుండగా కిటికీ దగ్గర నిలబడి పిల్లను పిలవకూడదు. ఆలస్యమైతే తల్లే వచ్చి కారణం చెప్పాలి, నెలలో మూడుసార్లు ఆలస్యమైతే పేరు కొట్టేస్తారు. ఇవన్నీ నా చేత బోర్డు మీద రాయించి, చదువు రానివాళ్ళ కోసం నా చేతనే చదివించింది. చదవడం అయ్యాక, ఇరవై రెండేళ్ళ ఉత్సాహం కదా, నేను సొంతంగా ఒక మాట కలిపాను. మీ బిడ్డ గురించి మాకు తెలియాల్సింది ఏదున్నా దాచుకోకుండా నాకు వచ్చి చెప్పండి, ఆ మాట నా దగ్గరే ఉంటుంది అన్నాను. తల్లులు ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. అక్క కూడా మెచ్చుకోలుగా నవ్వింది.

అందరూ వెళ్ళిపోయాక ఒకామె మాత్రం మిగిలింది. ఆమె కూతురు నా రెండో తరగతిలో చేరిన పిల్ల, పెద్ద కళ్ళు, ఒకటికి రెండుసార్లు అడిగితేగానీ నోరు విప్పదు. తల్లి స్వర్ణముఖి ఏట్లో అద్దకం గుడ్డలు ఉతికే పనికి పోతుంది, భర్త మద్రాసు లారీల మీద ఉంటాడు. ఆమె తలుపు వైపు ఒకసారి చూసి, రవిక చెయ్యి పైకి జరిపి, మోచేతి మీద ఉన్న ఒక రాగిరంగు మచ్చ చూపించింది.

"సూది గుచ్చినా తెలీదు టీచరమ్మా. తిరపతి ఆసుపత్రిలో మాత్రలిస్తాండారు. వారానికొకతూరి పోవల్ల. ఆ పొద్దు చంటిదాన్ని పట్టుకునేదానికి పెద్దదే ఉండాల, నేనొచ్చేదాకా బడికి రాలేదు. డాకటేరు ఎవురికీ అంటదన్నాడు. మాయింటాయనక్కూడా తెలీదు. మీరు అడిగినారు గాబట్టి చెప్తాండాను."

కుష్ఠును అప్పుడు పెద్దరోగం అనేవాళ్ళు. ఆ మాటను ఆమె నోటితో అనలేదు, నేనూ అనలేదు. ఆ రోజుల్లో ఆ మాటకున్న భయం మీకు చెప్పనక్కర్లేదు. నేను ఆమె చెయ్యి పట్టుకుని, నువ్వేం దిగులుపడొద్దు, ఆ రోజు పిల్లను మధ్యాహ్నమే పంపు అన్నాను. నేను చెయ్యి పట్టుకున్నందుకే ఆమెకు కళ్ళ నీళ్ళు తిరిగాయి.

జులై వచ్చింది. ఆ పిల్ల ఆలస్యాలు రిజిస్టరులో కనబడసాగాయి. పేరు కొట్టేయకుండా ఉండాలంటే అక్క సంతకం కావాలి. తల్లికి పని ఉంటుందని ఒకసారి చెప్పాను, ఒంట్లో బాగోలేదని ఇంకోసారి చెప్పాను. మూడోసారి, ఇంటి వసారాలో చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చున్నప్పుడు, అక్క నా ముఖంలోకి చూసి, "నాకాడ దాస్తావా పాపా?" అంది. ఆ ఒక్క మాటకు నేను కరిగిపోయాను. నాకు గంజి తాగించిన మనిషి దగ్గర దాపరికమేమిటనిపించింది. చెప్పేశాను. అక్క చేతిలోని చిక్కుడుకాయలు చాటలో వేసేసింది. తరువాత నా చెయ్యి పట్టుకుని, ఏడుకొండలవాడి మీద ఒట్టు, ఇది నా గొంతు దాటదు అని, మర్నాడు రిజిస్టరులో సంతకం పెట్టింది. నా గుండెల మీద బరువు దిగిందనుకున్నాను. అక్క చిన్నకూతురు కూడా నా తరగతిలోనే చదువుతోందని, రోజూ ఆ పిల్ల పక్కనే కూర్చుని ఆ పిల్ల గిన్నెలోంచి ఉప్మా పంచుకుంటుందని నాకు తెలుసు. తెలిసీ దాని గురించి ఆలోచించలేదు.

వారం తిరక్కముందే అక్క కూతురు వెళ్ళి ముందు వరుసలో కూర్చుంది. రెండు రోజులకు ఇంకో ఇద్దరు లేచారు. తరువాత ఒక మధ్యాహ్నం నేను చూసేసరికి, ఉప్మా వరుసలో చిట్టచివర, రెండు బారల దూరంలో, ఆ పిల్ల ఒక్కతే గిన్నె ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. తినడం లేదు, ఎవరైనా వచ్చి పక్కన కూర్చుంటారేమోనని చూస్తోంది. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. సాయంత్రం అక్కను అడిగితే, పిల్లల ఆటలు, రేపటికి వాళ్ళే కలుస్తారు అంది. నమ్మాను. ఆవిడ చెప్పింది నమ్మకపోవడం అప్పటికి నాకు అలవాటు లేదు.

ఆ మరుసటి సోమవారం పొద్దున ఇరవైమంది దాకా తల్లులూ తండ్రులూ వరండాలోకి వచ్చి నిలబడ్డారు. "ఆ రోగమొచ్చినోళ్ళ బిడ్డను మా బిడ్డల సరసన కూసోబెడతారా మీరు? పేరు తీసేస్తారా, మేమే మా బిడ్డల్ని పిల్చుకపోదుమా?" అని ఒకాయన గట్టిగా అడిగాడు. అక్క మెట్ల మీద నిలబడి ఉంది. నేను ఆవిడ వెనకాలే ఉన్నాను. ఆవిడ ఏమంటుందో నాకు తెలుసనుకున్నాను. డాక్టరు మాట చెబుతుంది, ఆ పిల్ల ఎక్కడికీ పోదంటుంది, ఆవిడ మాటంటే ఊళ్ళో గౌరవం, అందరూ సర్దుకుని వెళ్ళిపోతారు.

"నాకేం తెలుసప్పా?" అంది అక్క. "కొత్త టీచరమ్మకు తెలుసంట. నాకు చెప్పలా. తెలిసుంటే ఈ పాటికే చూసుందును గదా."

నా వైపు తిరగకుండానే అంది. ఇంతలో పిల్లను దింపడానికి వచ్చిన ఆ తల్లి, చంటిదాన్ని చంకనేసుకుని, కొళాయి దగ్గరే ఆగిపోయి అంతా విన్నది. విని, జనం మధ్యలోకి వచ్చి, ధైర్యంగానే నిలబడింది. "ఎవురన్నారప్పా నాకు రోగమని? నీళ్ళల్లో పని, చెయ్యి పాసిపోయింటాది. సూసినారా మీరెవురన్నా?" అంది. ఆ మాటలో ఎంత బలముందో, ముందు నిలబడ్డవాళ్ళు కొంచెం వెనక్కు తగ్గారు. ఎవరూ చూసినవాళ్ళు లేరు. ఎవరో చెప్పగా విన్నవాళ్ళే. ఒకరి వెంట ఒకరు అందరూ నా వైపు చూశారు.

నాకేమీ తెలియదని నేను ఒక్క మాట అని ఉంటే ఆ పొద్దు అంతటితో అయిపోయేది. ఇన్నేళ్ళలో ఆ ఒక్క మాటను ఎన్నిసార్లు మనసులో అనుకున్నానో. కానీ అప్పుడు నా ఒళ్ళంతా అక్క అన్న మాటతో మండిపోతోంది. ఆవిడ అబద్ధమాడింది, నేను నిజం చెప్పి తీరాలి, నేను దాచలేదని, తప్పు చేయలేదని అందరికీ తెలియాలి అన్న పంతం తప్ప నా కళ్ళకు ఇంకేమీ కనబడలేదు. అవును నాకు తెలుసు, పెద్ద టీచరమ్మకూ తెలుసు, ఆమె మందులు వాడుతోంది, ఎవరికీ అంటదని తిరుపతిలో డాక్టరు చెప్పాడు, భయపడాల్సిందేమీ లేదు అని గడగడా అనేశాను. ఆ తల్లి పక్షాన మాట్లాడుతున్నానని నేను అనుకుంటూనే ఉన్నాను. అంతదాకా అది పుకారు. నా నోటితో దాన్ని రూఢి చేశాను.

ఆమె అరవలేదు. చంటిదాన్ని ఆ చంకలోంచి ఈ చంకలోకి మార్చుకుంది. "మీ కాడే ఉంటాదంటిరే టీచరమ్మా," అంది, నాకు మాత్రమే వినబడేంత మెల్లగా. తరువాత తరగతిలోకి వెళ్ళి, పిల్ల పలకా గిన్నే తీసుకుని, పిల్ల చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. జనం దారి ఇచ్చారు, అవసరమైనదానికంటే ఎక్కువే ఇచ్చారు.

ఆ సాయంత్రం నేను ట్రంకుపెట్టె సర్దుకున్నాను. అక్క గుమ్మంలో నిలబడింది. మొగుడితో చెప్పిందట, ఆయన తల్లి విన్నదట, అక్కణ్ణుంచి వీధిలోకి పోయిందట. "నాకూ ఆడబిడ్డ ఉండాది గదా పాపా, బయమేసింది," అంది. "అందరి ముందర అట్లా అనకుండా ఉండాల్సింది. నోట్లోంచి వచ్చేసింది." ఆవిడ కళ్ళల్లో నీళ్ళు నిజమైనవే. నా కోసం కంచంలో పెట్టి మూత వేసి ఉంచిన అన్నం తినకుండా, స్టేషన్ దారిలో ఒక ముసలమ్మ ఇంట్లో గదికి మారిపోయాను. అదే బళ్ళో ఇంకో రెండేళ్ళు పనిచేశాం. అక్కా అని మళ్ళీ పిలవలేదు, మేడమ్ అన్నాను. ఆవిడ చాలా ఏళ్ళకు పోయిందని తెలిసినప్పుడు వెళ్ళాను, ఏడ్చాను కూడా. ఆ ఏడుపు ఎవరి కోసమో అడిగితే చెప్పలేను.

ఆ తల్లి ఇంటికి మూడుసార్లు వెళ్ళాను. రెండుసార్లు తలుపు తీయలేదు. మూడోసారి గడపలోనే నిలబడి, టీసీ ఒక్కటి ఇప్పించండి, తిరుత్తణి పక్కన మాయమ్మోళ్ళూరికి పోతాండాము అంది. అద్దకం పని మాన్పించారట. లారీ దిగిన భర్త ఎవరి నోటో విని, ఇంటికి రాకుండానే మళ్ళీ లారీ ఎక్కాడట. మర్నాడు టీసీ నేనే రాశాను. బడి మానడానికి కారణం అన్న చోట తల్లిదండ్రుల కోరికపై అని రాయాలి, అందరికీ అలాగే రాస్తాం. నా చేతిరాత చాలా బాగుంటుందని పేరు. అంత గుండ్రంగా అబద్ధం రాసిన చెయ్యి ఇదే.

తరువాత చిత్తూరుకు బదిలీ అయ్యింది. ఎనభైలు సగం దాటాక, మామిడికాయల రోజుల్లో, బస్టాండులో ఒక అమ్మాయి టిఫిన్ డబ్బా పట్టుకుని నా ఎదుట వచ్చి నిలబడింది. కళ్ళు చూసి గుర్తుపట్టాను. మామిడిరసం ఫ్యాక్టరీలో పనికి పోతోందట. ఏడు దాకా చదివిందట. నాన్న ఏడాదికి తిరిగి వచ్చాడట, తనే చెప్పింది. నేను అడగలేక అడగలేక అమ్మ ఎలా ఉందని అడిగాను.

"మాయమ్మకు ఎప్పుడో నయమైపోయింది టీచర్. రెండేండ్లు కూడా పట్టలా. మచ్చ కూడా లేదిప్పుడు," అంది. ఇంటికి రమ్మని అనలేదు. బస్సు రాగానే నమస్కారం పెట్టి ఎక్కేసింది. కిటికీ దగ్గర కూర్చుంది, బస్సు మలుపు తిరిగేదాకా నా వైపు చూస్తుందేమోనని నిలబడ్డాను. చూడలేదు.

మా కాలంలో తల్లులు బడిలోకి నేరుగా నడిచి వచ్చేవాళ్ళు, టీచరు ముందు కూర్చుని కడుపులో ఉన్నదంతా చెప్పుకునేవాళ్ళు, మొగుడికి చెప్పనివి కూడా చెప్పేవాళ్ళు, ఇప్పుడు గేటు అవతలే నిలబడి పిల్లను లోపలికి పంపి వెళ్ళిపోతున్నారని, ఆ నమ్మకాలు పోయాయని నాతోపాటు పనిచేసినవాళ్ళు కలిసినప్పుడల్లా బాధపడుతుంటారు. పోయాయి, నిజమే. నాకూ బాధగానే ఉంటుంది. కానీ కాలం మారి పోయాయని వాళ్ళు అన్నప్పుడు మాత్రం నేను తల ఊపలేను. నాకు తెలిసిన ఒక నమ్మకం కాలంతో పోలేదు. ఒక సోమవారం పొద్దున, ఇరవైమంది చూస్తుండగా, మేమిద్దరమే పోగొట్టాం.