కదలని సుడిగాలి

నా చిన్నప్పుడు చర్ల దగ్గర మా ఊళ్ళో ఎండాకాలం వచ్చిందంటే పిల్లలకు సుడిగాలే ఆట. మిట్టమధ్యాహ్నం కాలిన నేల మీంచి దుమ్ము గిర్రున లేచేది. దాంట్లోకి దూరి, కళ్ళనిండా మట్టి కొట్టుకుని, నవ్వుకుంటూ బయటికొచ్చేవాళ్ళం. అన్ని సుడిగాలులూ అంతే అనుకున్నాను, మా అమ్మమ్మతో బీడీలకు వాడే తునికాకు తెంపే పనికి పోయిన ఆ రోజు దాకా.

ఆ సాయంత్రం అడవి అంచున ఉన్న చెలకలో, ఎండబెట్టిన ఆకు కట్టలను తిరగేస్తున్నాం. ఉన్నట్టుండి ఆకాశం నల్లబడింది. రేగుపండంత వడగళ్ళు నాలుగు రాలి ఆగిపోయాయి. దూరంగా మబ్బు అడుగు నుంచి ఏనుగు తొండం లాంటిది నేలకు దిగింది. మబ్బు నుంచి వేలాడే సుడిగాలిని చూడటం నాకదే మొదలు.

"అది ఎటూ పోతలేదు అమ్మమ్మా, ఆడనే నిలబడ్డది," అన్నాను సంబరంగా.

అమ్మమ్మ ఒక్క క్షణం దాన్నే చూసింది. "ఎడమకు జరుగుతలేదు, కుడికి జరుగుతలేదు, లావైతాంది. అంటే మన మీదికే వస్తాంది బిడ్డా. జల్దీ నడువ్!"

నేను ఇప్పచెట్టు కిందికి ఉరికాను. ఆమె జబ్బ పట్టి వెనక్కి లాగింది. పది రోజుల కష్టం, ఆ కట్టలన్నీ అక్కడే వదిలేసింది. గాలి వచ్చే దారికి అడ్డంగా, పక్కకు ఉరికించింది. ఎండిన ఒర్రె పల్లంలో నన్ను బోర్లా పడుకోబెట్టి, నా మీద తను పడుకుని, రెండు చేతులతో నా తల కప్పింది. లారీలు వరసగా నెత్తి మీంచి పోతున్నట్టు చప్పుడు. ఆమె గుండె కొట్టుకోవడం నా వీపుకు తెలుస్తోంది.

లేచి చూస్తే ఇప్పచెట్టు మెలితిరిగి విరిగి పడి ఉంది. మా ఆకు ఒక్కటి లేదు. పక్క చెలకలో పక్కింటి అక్క వాళ్ళ కట్టలు మాత్రం పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి. అంత పెద్ద గాలి నడిచిన దారి అంత సన్నం. అమ్మమ్మ రవిక చిరిగి వీపంతా నెత్తురు. నేను ఏడుస్తుంటే, "ఆకుదేముంది, రేపు తెంపుకుందాం," అంది.

ఇంటికొచ్చాక ఆ వీపుకు పసుపు రాస్తూ, ఇదంతా నీకెట్ల తెలుసని అడిగాను.

"మా చెల్లె చెట్టు కిందికి ఉరికింది," అంది.

ఇప్పుడు నేను ఆమె అప్పటి వయసు దాటిపోయాను. ఫోనులో సుడిగాలి వీడియోలు చూసి మురిసిపోయే మనవరాళ్ళకు, అది పక్కకు జరుగుతోందా, ఉన్నచోటే లావవుతోందా ముందు చూడమని చెబుతాను. గాలి లేచినప్పుడు ఎటు ఉరకాలో నా కాళ్ళకు తెలుసు. చెల్లెలిని పోగొట్టుకుని నేర్చుకున్నదాన్ని ఆమె నాకు ఊరికే ఇచ్చింది. నా ఇన్నేళ్ళ బతుకూ అందులోంచి వచ్చిందే.